ఆపకూడని పెట్టె

ఆ బస్సు సంస్థ కేంద్ర కార్యాలయంలో అతణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. హాజరు పట్టీలో తప్ప ఆ పేరు ఇంకెక్కడా కనిపించదు. ఆఫీసరు మొదలుకొని నేల తుడిచే ఆమె దాకా అందరికీ అతను పెట్టె మాస్టారే.

రెండో అంతస్తు చివర కిటికీ లేని గదొకటి ఉంది. అందులో మనిషి నడుమెత్తున నిలబడి ఉండే రౌటరే ఆ పెట్టె. నలభై రెండు బస్టాండ్లలోని టికెట్టు కౌంటర్లు కేంద్రంతో ఏం మాట్లాడాలన్నా దాని గుండా పోవాల్సిందే. అది ఆగితే నలభై రెండు చోట్ల క్యూలు ఆగుతాయి, జనం నోళ్ళు లేస్తాయి. బీరువాకు అరలున్నట్టు దానికి పది స్లాట్లు. ఒక్కో స్లాటులోకి ఒక్కో కార్డు తోసి మరలు బిగించాలి. ఎనిమిది కార్డులు లైన్లను మోస్తాయి. మిగతా రెండూ కంట్రోల్ కార్డులు, పెట్టె తెలివంతా వాటిలోనే ఉంటుంది. ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉంటుంది. మొదటిది పడిపోయిన మరుక్షణం రెండోది అందుకుంటుంది. ఇంత ఏర్పాటున్న పెట్టెకు మళ్ళీ ఒక మనిషి కాపలా ఎందుకని ఎవరికైనా అనుమానం రావాలి. ఆ ఆఫీసులో ఏడేళ్ళుగా ఒక్కరికీ రాలేదు.

ఏడేళ్ళలో పెట్టె మాస్టారు వరసగా రెండు రోజులు సెలవు పెట్టింది లేదు. జ్వరమొస్తే మాత్ర వేసుకుని ఆ చలి గదిలోనే కూర్చున్నాడు. సొంత తమ్ముడి పెళ్ళికి పొద్దున వెళ్ళి, భోజనాలు మొదలుకాకముందే తిరుగు బస్సెక్కాడు. "పనంటే ప్రాణం పెట్టే మనిషి" అని ఆఫీసరు అతణ్ణి రెండుసార్లు మీటింగులో లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆ రెండుసార్లూ అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అది వినయమని జనం ఇంకాస్త గట్టిగా కొట్టారు. పని మీద ప్రేమకూ పనంటే భయానికీ బయటినుంచి చూస్తే తేడా ఏం తెలుస్తుంది!

అసలు సంగతి వేరు.

ఏడేళ్ళ కింద, ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో, అతను దుమ్ము దులపడానికి రెండో కంట్రోల్ కార్డును బయటికి లాగాడు. పెట్టె నడుస్తుండగా అలా లాగవచ్చు, తప్పు లేదు, దాన్ని చేసినవాళ్ళే అందుకు వీలు పెట్టారు. లాగాడు, బ్రష్షుతో తుడిచాడు, మళ్ళీ తోశాడు. తోసేటప్పుడు కార్డు అంచు పట్టాలోంచి తప్పింది. కాస్త గట్టిగా ఉందేమిటి అనుకున్నాడే గాని ఆగి చూడలేదు. పక్కనున్న పిడిని బలంగా నొక్కాడు. లోపల కరకరమని ఒక చప్పుడు, చిన్న మెరుపు. అంతే, ఆ కార్డు దీపం మళ్ళీ వెలగలేదు. టార్చి వేసి చూస్తే స్లాటు లోపలి సూదులు పళ్ళు విరిగిన దువ్వెనలా పడి ఉన్నాయి. పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పటికింకా అతనిది తాత్కాలిక ఉద్యోగం. ఇంట్లో నాలుగేళ్ళ కూతురు. నెలాఖరున తనిఖీ పత్రం నింపాలి. అందులో ఒక గడి: "కంట్రోల్ కార్డులు రెండూ బాగున్నాయి." వచ్చే నెలలోగా ఎలాగో ఒకలాగా బాగుచేద్దామనుకుని టిక్కు పెట్టి సంతకం గీశాడు. వెలగని దీపం కనిపించకుండా దాని ముందు నల్ల కేబుళ్ళ కట్టొకటి వేలాడదీశాడు. రెండో నెలా సంతకం గీశాడు. మూడో నెలలో ఇంకో పిడుగు పడింది. మొదటి కార్డులో, పెట్టె లేచేటప్పుడు చదువుకోవాల్సిన పాఠమంతా దాచుకునే చిప్పు ఒకటుంటుంది. అది చెడిపోయిందని పెట్టే స్వయంగా స్క్రీన్ మీద చెప్పింది. నడుస్తున్నంతసేపూ దానితో పనిలేదు. ఆపి మళ్ళీ లేపితే మాత్రం లేవదు.

అంటే ఏమిటన్నమాట? పెట్టె నడుస్తున్నంతకాలం నడుస్తుంది. ఒక్కసారి ఆగిందా, ఇక లేవదు. పక్కనున్న కార్డు కాలిందో, బతికే ఉందో తెలియదు. తెలుసుకోవాలంటే దాన్ని మొదటి స్లాటులో పెట్టి చూడాలి. పెట్టి చూడాలంటే పెట్టెను ఆపాలి. ఆపితే, ఆ కార్డూ కాలిపోయి ఉంటే, అంతటితో సరి. కక్కలేడు, మింగలేడు. ఒక్క ఆదివారం తెల్లవారుజామునే గుండె దిటవు చేసుకుని చూసేస్తే పోయేది. వందసార్లు అనుకున్నాడు కూడా. స్విచ్చు దాకా వెళ్ళిన చెయ్యి వందసార్లూ వెనక్కి వచ్చింది.

కొత్త పెట్టె కొనమని రెండుసార్లు అర్జీ పెట్టాడు. ఆఫీసరు ఆ అర్జీ పక్కన అతని తనిఖీ పత్రాల దొంతర పెట్టుకుని నవ్వాడు.

"ఏం మాస్టారూ, ఏళ్ళ తరబడి ఒక్క నిమిషం ఆగలేదు. రెండు కార్డులూ బాగున్నాయని ప్రతి నెలా మీరే రాస్తున్నారు. బంగారంలాంటి పెట్టెను పట్టుకుని మార్చమంటారేంటి? మీకేమైనా బోరు కొట్టిందా?"

పెట్టె మాస్టారు నీళ్ళు నమిలి బయటికి వచ్చాడు. తన సంతకాలే తన మీద తాళాలై పడ్డాయి. ఎవర్ని తిట్టుకుంటాడు?

ఇక ఇంటి సంగతి. అతని భార్య నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో స్కూలు టీచరు. లెక్కలు చెబుతుంది. ఆమె ఉద్యోగం అక్కడ, ఇతని ఉద్యోగం ఇక్కడ. ఒకటి రెండేళ్ళలో అతనే అక్కడి శాఖకు బదిలీ చేయించుకుని వెళ్ళిపోవాలని మొదట్లో మాట. రెండు వారాలకొకసారి ఆదివారం పొద్దున్నే వెళ్ళి, సాయంత్రం ఐదింటి బస్సుకు తిరిగొచ్చేవాడు. నాలుగేళ్ళ కూతురు పదకొండేళ్ళదైంది. వాళ్ళమ్మ దాన్ని గడుగ్గాయి అంటుంది. అది నిజమో కాదో తేల్చుకునేంత సేపు అతను ఎన్నడూ ఇంట్లో ఉన్నది లేదు.

బదిలీ రాక కాదు. రెండుసార్లు వచ్చింది. వచ్చిన రెండుసార్లూ ఎవరికీ చెప్పకుండా తనే వద్దని రాసిచ్చాడు. బదిలీ అంటే అప్పగింత. అప్పగింత అంటే కొత్తవాళ్ళ ఎదుట ఒక కార్డు తీసి, రెండోది అందుకుంటుందని చూపించాలి. అదెలా చూపిస్తాడు? మొదటిసారి సంగతి భార్యకు తెలియలేదు. రెండోసారి ఆ శాఖలో ఎవరో నోరుజారి చెప్పేశారు. ఆమె అరవలేదు, ఏడవలేదు. "ఎందుకు?" అని అడిగింది. "అక్కడ పని ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగడం మానేసింది. అడగడం మానేసిన మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో అతనికి ఆ ఏడాదే తెలిసింది.

మూడో బదిలీ ఉత్తర్వు ఒక మంగళవారం వచ్చింది. ఈసారి కబురు ముందు ఆమెకే చేరింది. ఆ సాయంత్రమే ఫోను చేసింది.

"ఉత్తర్వు వచ్చిందటగా."

"వచ్చింది."

"ఏమండీ, నేను గొడవ పెట్టుకోవడానికి చెయ్యలేదు. ఈసారి వద్దని రాసిచ్చారంటే ఆదివారాలు కూడా రావొద్దు. అమ్మాయికి నేనేదో ఒకటి చెప్పుకుంటాను. దాన్ని ప్రతిసారీ బస్టాండు దాకా తీసుకొచ్చి, తీసుకుపోయి, నావల్ల కావట్లేదు."

"ఈసారి వస్తాను" అన్నాడతను.

"చూద్దాం లెండి" అని పెట్టేసింది.

అతని చోటికి వచ్చిన ఇంజనీరమ్మ బుధవారమే దిగింది. ముప్పై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడుతుంది, గట్టిగా నవ్వుతుంది. ఆ గదిలో ఫ్యాన్ల హోరుకు అలాంటి గొంతే కావాలి. వచ్చీ రాగానే మణికట్టుకు తీగ పట్టీ తగిలించుకుని, దాని రెండో కొసను పెట్టె ఇనుముకు కలిపింది. ఒంట్లోని కరెంటు కార్డులకు తగలకుండా చేసే జాగ్రత్త అది. పెట్టె మాస్టారు ఆ పట్టీ వంక చూశాడు. పని తెలిసిన మనిషే వచ్చింది. పని తెలియనిదైతే ఎంత బాగుండేది!

"ఎంత ముద్దుగా పెట్టుకున్నారండీ!" అంది ఆమె, కేబుళ్ళకు కట్టిన చీటీలు చదువుతూ. "పెట్టె నిలబెట్టిన చట్రంలో ఖాళీ జాగాలకు రేకులు కూడా బిగించారు. మా పాత ఆఫీసులో ఆ కన్నాల్లో టీ కప్పులు పెట్టేవాళ్ళు."

"రేకులు లేకపోతే గాలి దారి తప్పుతుందమ్మా. లోపల వేడెక్కుతుంది."

"తెలుసండీ. ఈ నల్ల కట్ట ఏంటి, ఇక్కడ వేలాడుతోంది? ఇది ఎక్కడికీ పోవట్లేదే."

"స్పేరు. దాన్ని కదపొద్దు."

ఆమె కదపలేదు. కాని ఒకటికి రెండుసార్లు అటు చూసింది. ఆ రోజంతా ఆమె ఎటు తిరిగితే అటు పెట్టె మాస్టారు అడ్డంగా తిరిగాడు. గురువారం కార్డు తీసి చూపించమంది. గాలి వడపోత శుభ్రం చేద్దాం ముందు అన్నాడు. వడపోత అయ్యాక లైన్ల పటం చూద్దాం అన్నాడు. సాయంత్రం ఆరు కాకముందే ఆమె సంచి భుజాన వేసుకుంది.

"రేపు చూద్దామండీ. మావాడికి రెండేళ్ళు. ఆరున్నరకు నేను కనపడకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. మా అత్తయ్య ఒక్కరే ఉంటారు. అందుకే ఈ పోస్టు అడిగి వేయించుకున్నాను. కదలకుండా నడిచే పెట్టె, వేళకు ఇంటికి పోవచ్చు అన్నారు."

ఆమె వెళ్ళాక పెట్టె మాస్టారు ఆ గదిలో స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఎంత దిక్కుమాలిన ఆలోచన వచ్చిందంటే, చెప్పకుండా సంతకాలు పెట్టించేసుకుని బస్సెక్కి పోదామనుకున్నాడు. అతనేదో మహా మంచివాడని నేను చెప్పబోవడం లేదు. భార్య ముఖం ఒక పక్క, ఈ రెండేళ్ళ పిల్లవాడు ఇంకో పక్క. ఈమె కూడా జ్వరంతో ఇక్కడ కూర్చుంటుంది, ఆరున్నరకు ఇంటికి పోదు. అది తెలిసీ పోవాలి. అయినా పోదామనే అనుకున్నాడు, దాచి లాభమేముంది?

శుక్రవారం పొద్దున కరెంటు మేస్త్రీ నోటీసు పట్టుకుని వచ్చాడు. ఆ భవనానికి పాతికేళ్ళుగా తీగలు లాగిన మనిషి, ఎవరి మాటా వినడు. కింద బోర్డులో ఒక కడ్డీ నల్లగా మాడి కనిపించిందట. బయటి కరెంటైనా, జనరేటరైనా, బ్యాటరీలైనా పెట్టె గదికి ఆ బోర్డులోంచే రావాలి.

"ఆదివారం పదింటికి మొత్తం ఆపేస్తున్నా. నలభై నిమిషాలు. మార్చకపోతే నిప్పు పుడుతుంది" అన్నాడు మేస్త్రీ.

"నా గది ఆపొద్దు."

"మీ గది ఒక్కటే ఆపకుండా ఎట్లా కుదురుతుంది మాస్టారూ? చేత్తో పట్టుకోమంటారా తీగని?"

పెట్టె మాస్టారు ఆఫీసరు గదికి పరిగెత్తాడు. వాయిదా వేయమన్నాడు, వారం ఆగమన్నాడు, బయటినుంచి వేరే తీగ లాగుదామన్నాడు. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"మాస్టారూ, పెట్టె మీద మీకున్న మమకారం నాకు తెలుసు. కాని నలభై నిమిషాలు ఆగితే ఏమవుతుంది? ఆదివారం పొద్దున జనం తక్కువ. కౌంటర్ల వాళ్ళకు చేతి టికెట్లు ఇవ్వమని చెప్పేశాను. ఆపితే, మళ్ళీ లేపుతారు. లేస్తుందిగా?"

ఇక్కడ చెప్పేయవచ్చు. తలుపు తెరిచి లోపలికి రమ్మన్నట్టే ఉంది ఆ ప్రశ్న.

"లేస్తుంది సార్" అన్నాడు.

శనివారం ఎలా గడిచిందో అతనికే తెలియదు. వచ్చేస్తున్నారా అని భార్య నుంచి ఒక్క మాట కూడా రాలేదు. బట్టలు మాత్రం సర్దుకున్నాడు. ఒక పెట్టెలో పట్టేశాయి.

ఆదివారం ఏడింటికే గదికి వచ్చాడు. ఫ్యాన్లు హోరుమంటున్నాయి. పచ్చ దీపాలు తమ మానాన తాము మిణుకుమంటున్నాయి. పెట్టె పై రేకు మీద అరచెయ్యి ఆనించాడు. సన్నగా వణుకు, గోరువెచ్చదనం. ఈ వణుకు ఇంకో మూడు గంటలు. ఆ తర్వాత నలభై రెండు బస్టాండ్లు, విచారణ, ఉద్యోగం, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. పారిపోదామా అనిపించింది. ఎక్కడికి పారిపోతాడు, బస్సు టికెట్టు తీసుకోవాలన్నా ఆ పెట్టే కావాలి.

తొమ్మిదింపావుకు ఇంజనీరమ్మ వచ్చింది. లోపలికి వస్తూనే అతని ముఖం చూసి ఆగిపోయింది.

"ఒంట్లో బాగాలేదా అండీ?"

"బాగానే ఉంది."

ఆమె సంచి కింద పెట్టింది. పెట్టె ముందుకు వెళ్ళి, ఏమీ అడగకుండా, ఆ నల్ల కట్టను ఒక వేలితో పక్కకు జరిపింది. వెలగని దీపం బయటపడింది.

"గురువారమే చూశానండీ, మీరు నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు" అంది. "మీరే చెబుతారని ఆగాను. నిన్నంతా ఎదురు చూశాను. ఎప్పట్నించి?"

"ఏడేళ్ళ నుంచి."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కరకరమన్న చప్పుడు, విరిగిన సూదులు, మొదటి కార్డు చిప్పు, సంతకాలు, అర్జీలు, వద్దని రాసిచ్చిన బదిలీలు. ఏడేళ్ళది ఏడు నిమిషాల్లో అయిపోయింది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి వింది. కోపం వచ్చింది ఆమెకు, దాచుకోలేదు.

"ఇది నా నెత్తిన పెట్టి వెళ్ళిపోదామనుకున్నారు కదూ?"

"అనుకున్నాను."

"మా బాబు సంగతి చెప్పినా కూడా?"

ఆ క్షణంలో ఆమె రెండు చెంపలూ వాయించినా బాగుండునని అతనికి నిజంగానే అనిపించింది. ఆమె అలాంటిదేమీ చెయ్యలేదు. గడియారం చూసింది.

"సరే, ఇంకో అరగంట ఉంది. సెట్టింగులన్నీ రాసిపెట్టుకున్నారా ఎక్కడైనా?"

"నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ప్రతి వారం కాపీ చేస్తాను."

"అది చేశారు, సంతోషం. మొదటి స్లాటు సూదులు బాగున్నాయి కదా? కరెంటు పోగానే పాత కార్డు తీసేసి, ఈ రెండోదాన్ని అక్కడ పెడదాం."

"అది కాలిపోయిందమ్మా."

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ళుగా తనకు తనే చెప్పుకున్నాడు.

పదింటికి కింది నుంచి మేస్త్రీ కేక వేశాడు. పెట్టె మాస్టారే స్విచ్చు దించాల్సి వచ్చింది. ఉన్నట్టుండి తీస్తే కార్డులు దెబ్బతింటాయి, తీరుగా ఆపాలి. చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళి, అలవాటుగా వెనక్కి రాబోయింది. ఆమె చూస్తూ నిలబడింది. దించాడు.

ఫ్యాన్లు మెల్లగా దిగి, దిగి, ఆగాయి. దీపాలన్నీ పోయాయి. ఆ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఏడేళ్ళలో అతను ఎరగడు. తన ఊపిరి తనకు వినపడింది. కింద మేస్త్రీ సుత్తి దెబ్బ వినపడింది. ఎక్కడో వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేక కూడా వినపడింది. ఆ గోడల అవతల వీధి ఇంత దగ్గరగా ఉందా అని ఆశ్చర్యపోయాడు.

టార్చి వెలుగులో ఇద్దరూ పనిచేశారు. మరలు విప్పి, పిడులు రెండూ ఒకేసారి లాగి, పాత కార్డు బయటికి తీశారు. రెండో స్లాటులోంచి చచ్చిందనుకున్న కార్డు తీశారు. ఆమె దాన్ని టార్చికి ఎత్తి, అన్ని వైపులా తిప్పి చూసింది.

"మీరే పెట్టండి" అంది.

"నా చెయ్యి వద్దమ్మా."

"మీ చెయ్యే. పట్టా మీద ఆనిందో లేదో వేలితో తడిమి చూసి, అప్పుడు తొయ్యండి. తొందరేం లేదు."

తడిమాడు. కింది పట్టా, పై పట్టా. తోశాడు. కార్డు ఏ అడ్డూ లేకుండా జారుకుంటూ పోయి, చివర్లో చిన్నగా కూర్చుంది. పిడులు మూశాడు, మరలు బిగించాడు. ఇక చెయ్యడానికేం లేదు. కింద పని అయ్యేదాకా ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. మేస్త్రీ నలభై అన్నాడు, యాభై ఐదు నిమిషాలు పట్టింది.

కరెంటు వచ్చింది. పెట్టె మాస్టారు స్విచ్చు లేపాడు. ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా అరిచి తగ్గాయి. మొదటి స్లాటు దీపం వెలగలేదు. అర నిమిషం, నిమిషం. నిమిషమున్నర దగ్గర ఎర్రగా వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ల్యాప్‌టాప్ మీద ఒక వాక్యం వచ్చింది. ఇంకోటి. తర్వాత గబగబా వాక్యాలు పారడం మొదలైంది. ఆరు నిమిషాలకు దీపం పచ్చబడింది. ఆమె సెట్టింగులు ఎక్కించింది. ఒక్కో లైను, ఒక్కో బస్టాండు, నలభై రెండూ పలికాయి.

"ఇది బాగానే ఉందండీ" అంది ఆమె. "ఏడేళ్ళూ బాగానే ఉంది."

సంతోషించాలి కదా! పెట్టె మాస్టారు గోడకు చేరగిలబడి ఏడ్చాడు. ముఖం చేతుల్లో పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా, పిల్లవాడిలా ఏడ్చాడు. కార్డు కాలిపోయి ఉంటే కనీసం దేనికి కాపలా కాశానో తెలిసేది. ఒక్క ఆదివారం, ఒక్క గంట. దాని బదులు ఏడేళ్ళు ఇచ్చేశాడు. ఆమె లేచి, బయటికి వెళ్ళి, పావుగంట తర్వాత రెండు టీలు తీసుకుని వచ్చింది. ఆ పావుగంటకు అతను ఆమెకు రుణపడి ఉంటాడు.

టీ తాగాక అప్పగింత పత్రం తీసింది. అందులోనూ ఆ గడి ఉంది. కంట్రోల్ కార్డులు రెండూ బాగున్నాయి.

"ఇప్పుడు నడుస్తోంది" అంది ఆమె మెల్లగా. "చిప్పు పాతబడి పోయిందని పాత కార్డు మాట నేను తర్వాత రాసుకోగలను. స్లాటు సంగతి కూడా ఇవాళే ఆపి లేపినప్పుడు పోయిందంటే నమ్ముతారు. మీరు బస్సెక్కండి. ఇంట్లో వాళ్ళు ఎదురు చూస్తుంటారు."

ఆ మాట అనడానికి ఆమెకు పెద్ద మనసే కావాలి. పెట్టె మాస్టారు కలం మూత తీశాడు, చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఇవాళే పోయిందని ఆమె రాస్తే, ఆమె మొదటి సంతకమే అబద్ధమవుతుంది. రెండో నెల ఆ అబద్ధాన్ని కాపాడుకోవాలి. అది ఎలా పెరుగుతుందో అతనికంటే తెలిసినవాడు లేడు.

"ఇక్కడ ఉండాల్సింది మీరు కదమ్మా" అన్నాడు.

గడిలో టిక్కు పెట్టలేదు. కింద ఖాళీలో రాశాడు. రెండో స్లాటు విరిగింది, విరగగొట్టింది నేను, ఫలానా తేదీన. అప్పట్నుంచి ఇచ్చిన ఎనభై నాలుగు తనిఖీ పత్రాలూ అబద్ధం. పెట్టెకు ఇవాళ్టికీ ఒకటే కంట్రోల్ కార్డు, వెంటనే మార్చాలి. సంతకం గీశాడు. ఫొటో తీసి ఆఫీసరుకు పంపించాడు.

ఆఫీసరు ఫోను ఐదు నిమిషాల్లో వచ్చింది. అరుస్తాడనుకున్నాడు, అరవలేదు. దెబ్బ తిన్న గొంతుతో మాట్లాడాడు.

"మీ కోసం చప్పట్లు కొట్టించాను మాస్టారూ."

"తెలుసు సార్."

"ట్రాన్స్‌ఫర్ ఆపేస్తున్నాను. విచారణ అయ్యేదాకా మీరు ఊరు కదలకూడదు. ఎన్ని రోజులంటే నేను చెప్పలేను."

అబద్ధం చెప్పినన్నాళ్ళూ కదల్లేకపోయాడు. నిజం చెప్పిన పూటా కదల్లేకపోతున్నాడు. పెట్టె మాస్టారు మెట్ల మీద కూర్చుని భార్యకు ఫోను చేశాడు. నమస్కారాలూ కుశలాలూ ఏమీ లేకుండా మొదట్నించి చెప్పేశాడు, ఇంజనీరమ్మకు చెప్పినట్టే. ఈసారి ఏడు నిమిషాలు చాల్లేదు. ప్రతి బదిలీ దగ్గరా ఆగి, ఎందుకు వద్దన్నాడో చెప్పాల్సి వచ్చింది.

"విన్నావా?"

"వింటున్నాను. పెట్టేనా?"

"పెట్టే."

"నిజంగా పెట్టేనా? ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?"

ఆమె గొంతు మామూలుగానే ఉంది, పిల్లలకు లెక్క విడమరిచి చెబుతున్నట్టు.

"ఇన్నేళ్ళూ అక్కడ మీకు ఇంకెవరో ఉన్నారనుకున్నానండీ. ఆవిడ ఎలా ఉంటుందో కూడా అనుకునేదాన్ని. బాగా నవ్వుతుందేమో, నాలాగా ప్రతిదానికీ లెక్కలు అడగదేమో అనుకునేదాన్ని. అమ్మాయి నిద్రపోయాక ఆవిడతో పోట్లాడేదాన్ని. ఒక్కోసారి గెలిచేదాన్ని కూడా. ఇప్పుడేమో ఇనప పెట్టె అంటున్నారు. ఆవిడే ఉన్నా బాగుండేది. ఆవిడ మీదైతే కోపం తెచ్చుకోవచ్చు. పెట్టె మీద ఏం తెచ్చుకోను?"

ఆ గదిలో తను ఒక్కడే బందీగా ఉన్నాననుకున్నాడు ఏడేళ్ళూ. ఆమెను అంతకంటే చిన్న గదిలో, కనీసం ఒక దీపమైనా లేకుండా కూర్చోబెట్టానని అతనికి అప్పుడు తెలిసింది. క్షమించమని అడగబోయి, ఆ మాట మరీ చిన్నదనిపించి ఆగిపోయాడు.

"నా మీద తెచ్చుకో" అన్నాడు.

"అది ఎటూ ఉంది లెండి. అది ఇంకా చాలాకాలం ఉంటుంది." అంది ఆమె. "ఎప్పటికి వదులుతారట?"

"తెలీదు. ఊరు కదలొద్దన్నారు."

"కదలొద్దన్నది మిమ్మల్ని కదా. మమ్మల్ని కాదుగా?"

అతనికి వెంటనే అర్థం కాలేదు.

"రేపు స్కూలుకు సెలవు పెడతాను" అంది ఆమె. "అమ్మాయిని తీసుకుని మధ్యాహ్నం బస్సెక్కుతున్నాం. రాత్రికి ముగ్గురికీ వండి ఉంచండి. మిగతాది ఎదురుగా కూర్చుని అడుగుతాను. చాలా ఉంది అడగాల్సింది."

ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. అతను అద్దెకుంటున్న గదిలో కంచం ఒక్కటే ఉంది, గ్లాసూ ఒక్కటే. ఏడేళ్ళలో రెండోది కొనాల్సిన అవసరమే రాలేదు. ఆదివారం దుకాణాలు మధ్యాహ్నానికే మూసేస్తారని గుర్తొచ్చి గబగబా మెట్లు దిగాడు.